మెట్ల క్రింది మీటరు, మూడవ అంతస్తు ఏసీ

1833వ సంవత్సరము మే మాసమున అమెరికాలోని బోస్టన్ రేవునుండి బయలుదేరిన టస్కనీ అను ఓడ, నాలుగు నెలల సముద్రయానము చేసి, సెప్టెంబరులో కలకత్తా చేరి, అమెరికా సరస్సులలో శీతకాలమున కోసి పొట్టులో పొదివి తెచ్చిన మంచుగడ్డలను ఈ నగరవాసులకు చూపినది. బయలుదేరునప్పుడు 180 టన్నులున్న సరకు దారిలో కరగి కరగి, దిగునప్పటికి సుమారు 100 టన్నులు మిగిలినది. ఆ వ్యాపారమును సాహసించిన ఫ్రెడరిక్ ట్యూడర్ ఎన్నో ఏండ్లపాటు దానివలన లాభము గడించెను. ఇంగ్లీషు దొరలు చందాలు వేసికొని మంచు నిలువచేయుటకు ప్రత్యేకముగా ఒక కొట్టు కట్టించుకొనిరి. ఆ ఓడలును ఆ కొట్టును కాలగర్భమున కలిసిపోయినవి గాని, మంచుతో చల్లదనమును కొలుచు పద్ధతి మాత్రము మన గోడలకు తగిలించిన యంత్రములమీద నేటికిని నిలిచియున్నది. ఒక టన్ను ఏసీ అనగా, 2,000 పౌనుల మంచు ఒక అహోరాత్రములో కరగుటకు ఎంత వేడిని పీల్చుకొనునో, అంత వేడిని అంతే కాలములో గదిలోనుండి బయటకు తోడివేయగల యంత్రము. విద్యుత్తువారి లెక్కలో అది 3.5 కిలోవాట్లు.

ఈ కిలోవాట్లు వేడికి చెందిన లెక్కయే గాని కరెంటుకు చెందినది కాదు. ఏసీ వేడిని ఒకచోటినుండి మరియొక చోటికి మోయు యంత్రమగుటచేత, తాను మోసిన వేడిలో మూడవ వంతుకు సమానమైన విద్యుత్తునో, అంతకంటె తక్కువనో మాత్రమే తీసికొనును. ఒకటిన్నర టన్నుల యంత్రము 5.3 కిలోవాట్ల వేడిని తోడుచు 1.6 కిలోవాట్ల ప్రాంతమున విద్యుత్తును వాడుకొనును, అనగా 230 వోల్టుల వద్ద ఏడు, ఏడున్నర ఆంపియర్లు. అయితే ఆ సంఖ్య బయట 35 డిగ్రీల వేడిమి ఉన్నదను ఏర్పాటుతో పరీక్షాశాలలో తేలినది. 2024 ఏప్రిల్ చివర అలీపూర్‌లో 43 డిగ్రీలు నమోదయిన నగరమున, బయటి యంత్రము ఎండ తగులు పిట్టగోడమీద, పొరుగింటి యంత్రము విడుచు వేడిగాలికి ఎదురుగా నిలిచి పనిచేయవలసిన సంకుచిత వీథులలో, పరీక్షాశాల సంఖ్యను నమ్మి తీగ కొనరాదు. యంత్రము ప్రక్కన అతికించిన చిన్న పలకమీద గరిష్ఠ కరెంటు అని వేరుగా ఒక అంకె ఉండును. ఒకటిన్నర టన్నుల యంత్రములకు అది తరచుగా 10 ఆంపియర్లకు అటునిటు. తీగల లెక్కకు పునాది ఆ అంకెయే. దుకాణమువాడు ఆ పలకను చూపడు. ఆతడు చూపునవి నక్షత్రములు.

కలకత్తా విద్యుత్తు పాతది. 1897లో లండనునందు నమోదయి, కొలదికాలములోనే కలకత్తా ఎలక్ట్రిక్ సప్లయి కార్పొరేషన్ అను పేరు దాల్చిన సంస్థ, 1899 ఏప్రిల్ 17న ప్రిన్సెప్ స్ట్రీటు సమీపమున ఇమాంబాగ్ లేన్‌లో తన మొదటి విద్యుత్ కేంద్రమును నడిపించినది. 1902 నాటికి గుఱ్ఱపు ట్రాములు కరెంటు ట్రాములుగా మారసాగినవి. సీఈఎస్‌సీ అని జనులు పిలుచు ఆ సంస్థయే నేటికిని కలకత్తా, హౌరాలలో అధికభాగమునకు కరెంటు ఇచ్చుచున్నది. సాల్ట్ లేక్, న్యూ టౌన్ వైపు ఎక్కువభాగము రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ పరిధి. ఇంత సుదీర్ఘ చరిత్రగల నగరమగుటచేతనే, ఒకే భవనములో నాలుగు తరముల వైరింగు ఒకదానిమీద ఒకటి పేరుకొని కనిపించును: ఎచ్చటనో పాత గదిలో చెక్క కేసింగులో నడచిన రబ్బరు తొడుగు తీగ, వసారాలో టేకు బద్దలమీద క్లిప్పులతో బిగించిన తీగ, రాగి దొరకుట కష్టమైన కాలములో ఎక్కించిన అల్యూమినియము తీగ, నిన్నగాక మొన్న ప్లాస్టిక్ గొట్టములో దూర్చిన రాగితీగ. గార్డెన్ రీచిలోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయమును ఆశ్రయించి వచ్చిన ఆంధ్ర కుటుంబములు గాని, లేక్ మార్కెట్టు పరిసరములలో స్థిరపడిన దక్షిణాదివారు గాని, అద్దెకు దిగిన ఇండ్లు అనేకము ఇట్టివే. ఆ వైరింగును వేసినవాడు తప్పుచేయలేదు. ఆతని కాలమున గదికొక దీపము, ఒక ఫ్యాను, ముందుగదిలో ఒక రేడియో. ఆ మొత్తమంతయు కలిపినను నేటి ఒక ఏసీ గరిష్ఠ కరెంటులో సగము ఉండకపోవచ్చును.

ఆ ఇండ్లలో మీటరు ఎచ్చటనుండును? వీథి తలుపు దాటగానే, మెట్ల క్రింద, అన్ని వాటాలవారి మీటర్లు వరుసగా ఒక గోడమీద. అచ్చటినుండి మూడవ అంతస్తు వాటా వరకు పోవు తీగ మెట్లచుట్టు తిరిగి, గోడలు దాటి, నిట్టనిలువుగా కొంత, అడ్డముగా కొంత నడచి, 20 మీటర్లకు తక్కువ గాకుండ, కొన్ని చోట్ల 30 మీటర్లు కూడ అగును. మీటరు దాటిన తర్వాత బాధ్యత గృహస్థునిది. ఇంటిలోపలి స్విచ్చులను ముచ్చటపడి మార్చుకొనువారు సైతము, ఈ మెట్లదారి తీగ ఏ కాలపుదో, ఎంత మందముదో ఎన్నడును విచారింపరు. అది కంటికి కనబడదు, ఎవరి గదిలోనిదియు కాదు. నా అభిప్రాయములో ఏసీ వైరింగును గూర్చిన ప్రశ్న ఎనిమిది పాళ్లు ఈ మరుగుపడిన తీగను గూర్చిన ప్రశ్నయే.

మొదటి ఏసీని ఏదో విధముగా పాత బోర్డుమీదనే నడుపుకొందురు. రెండవది వచ్చుసరికి మెయిన్ ఎంసీబీ రాత్రి పదకొండు గంటలకు పడిపోవుట మొదలిడును. మూడవది వచ్చిన వేసవిలో మిస్త్రి వచ్చి, తలుపు తెరచి, బోర్డువంక ఒకసారి చూచి, చెప్పునది ఒక్కటే మాట: “దాదా, ఈ ఎంసీబీ చిన్నది, అరవైమూడు వేసేస్తే ఇంక పడదు.” ఆ మాట నిజమే, ఇంక పడదు. అందులోనే ప్రమాదమంతయు ఉన్నది.

ఎంసీబీ ఉన్నది ఏసీని కాపాడుటకు కాదు, తీగను కాపాడుటకు. ఈ ఒక్క విషయము గృహస్థుల మనస్సులో నాటుకొన్నచో తక్కిన గణితమంతయు దానంతట అది వచ్చును. మూడు అంకెలు ఒక క్రమములో నిలువవలెను: యంత్రము లాగు కరెంటు అన్నిటికంటె చిన్నది, దానికి సమానముగనో కొంచెము పైగనో ఎంసీబీ అంకె, ఆ ఎంసీబీకంటె తక్కువ గాకుండ తీగ నిరపాయముగా మోయగల కరెంటు. ఈ వరుస తారుమారయిన చోట ఎంత ఖరీదయిన సామాను వేసినను నిష్ప్రయోజనము. ఎంసీబీ తనమీద వ్రాసిన అంకె దాటగనే తటాలున పడిపోవునని తలచుట పొరపాటు. ప్రమాణము ప్రకారము తన అంకెకు 1.13 రెట్ల కరెంటును గంటసేపు సహించవలెను, 1.45 రెట్లయినచో గంటలోపల పడిపోవలెను. అనగా మిస్త్రి వేసిన 63 ఆంపియర్ల ఎంసీబీ, 71 ఆంపియర్లు పోవుచున్నను గంటసేపు కదలక కూర్చుండును. ఆ వెనుకనున్నది గొట్టములో నడచు 4 స్క్వేర్ ఎంఎం రాగితీగ అనుకొందము. దాని శక్తి సుమారు 24 ఆంపియర్లు. కరెంటు మూడింతలయినచో తీగలో పుట్టు వేడి మూడింతలు గాదు, దాని వర్గము చొప్పున తొమ్మిదింతలు. సాధారణ పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకు ఓర్చుకొనును; ఆ మేర దాటిన ప్రతి పది డిగ్రీలకును దాని ఆయుర్దాయము సగమగుచు వచ్చునని ఇంజనీర్ల స్థూల గణన. మెత్తబడి, పెళుసెక్కి, పగిలి, ఒకనాడు ఫేజు న్యూట్రలును తాకువరకు ఆ మార్పు గోడలోపలనే జరుగును. పాత ఇండ్లలో నేటికిని కనిపించు, పింగాణీ పట్టులోని కిట్‌క్యాట్ ఫ్యూజు ఇంకను అలసత్వముగలది. సరియైన ఫ్యూజు తీగ వేసినను ఇంచుమించు రెట్టింపు కరెంటుకు గాని కరగదు, చేతికి దొరకిన రాగిపోగును చుట్టినచో ఏనాటికిని కరగదు.

కావున చేయదగిన పని, పాత బోర్డును బరువెక్కించుట మాని, ఏసీలకు మాత్రమే ఒక చిన్న డీబీ, అనగా పంపిణీ బోర్డు, ప్రత్యేకముగా పెట్టి, దానికి మెట్ల క్రింది మీటరునుండి నేరుగా ఒక కొత్త లైను తెచ్చుట. పాత లైను పాత బరువును మోసికొనుచుండును. కొత్త బరువు కొత్త తీగమీద నడచును. ఆ కొత్త లైనుకు ఎంత మందము తీగ కావలెనో ఒక ఉదాహరణముతో చూతము.

మూడవ అంతస్తు వాటాలో ఒకటిన్నర టన్నుల యంత్రములు రెండు, ఒక టన్నుది ఒకటి. పలకలమీది గరిష్ఠ కరెంటు క్రమముగా 10, 10, 7. మొత్తము 27 ఆంపియర్లు. ఇచ్చట కొందరు మూడును ఒకేసారి నడువవని చెప్పి మొత్తమును తగ్గింతురు. దీపములు, ప్లగ్గుల విషయములో అట్టి తగ్గింపు శాస్త్రసమ్మతమే. మే నెల రాత్రి కలకత్తాలో మూడు గదులలోను మనుష్యులు నిదురించు ఇంటిలో, మూడు ఏసీలును ఒకేసారి నడువవనుట ఆత్మవంచన. కనుక 27కు పైనున్న ప్రామాణిక ఎంసీబీ 32. ఇప్పుడు 32 ఆంపియర్లకు తక్కువగాని తీగను వెదకవలెను.

తీగల కంపెనీల పట్టికలో రాగితీగకు రెండేసి అంకెలుండును, గొట్టములో నడచినచో ఒకటి, గోడమీద బయలుగా బిగించినచో మరియొకటి: 2.5 స్క్వేర్ ఎంఎంకు సుమారు 18, 22. 4కు 24, 29. 6కు 31, 37. 10కి 42, 51. దుకాణదారు రెండవ అంకెను చెప్పును. ఇంటిలో మనకు వర్తించునది మొదటిది. 6 స్క్వేర్ ఎంఎంకు గొట్టములో 31 గనుక, ఒక్క ఆంపియరుతో తప్పిపోయినదే అని విచారింపనక్కరలేదు. అసలు కథ ఇంకను ఉన్నది. మెట్లదారిలో కొత్త గొట్టము కొట్టుటకు ఇతర వాటాలవారు ఒప్పుకొనక, పాత లైను నడచిన గొట్టములోనే కొత్త లైనును దూర్చుట తరచుగా జరుగును. రెండు జతల తీగలు ఒకే గొట్టములో వేడెక్కునప్పుడు ఒకదాని వేడి మరియొకదానికి సోకును గాన, వాటి శక్తి 0.8 వంతుకు తగ్గించి లెక్కింపవలెను; మూడు జతలయినచో 0.7. ఆ లెక్కన 6 స్క్వేర్ ఎంఎంకు మిగులునది 25 ఆంపియర్లలోపు; 10కి మాత్రము 33.6. అందుచేత 10 స్క్వేర్ ఎంఎం రాగి, 32 ఆంపియర్ల ఎంసీబీ. గొట్టము వేరుగా వేయించుకొన్నను నేను 10నే కోరుదును. ఈ పట్టికలు మన దేశమున 40 డిగ్రీల పరిసరోష్ణమునకు కట్టినవి. పైకప్పు క్రింద, ఎండ తగులు పడమటి గోడలో, గొట్టము చుట్టునుండు వేడి దానిని సులభముగా దాటును.

కొత్త డీబీనుండి ఒక్కొక్క ఏసీకి పోవు లైను విషయము సులభము. 10 ఆంపియర్ల యంత్రమునకు 16 ఆంపియర్ల ఎంసీబీ, ఒంటరిగా నడచు గొట్టములో 2.5 స్క్వేర్ ఎంఎం చాలును. రెండు ఏసీల తీగలు ఒకే గొట్టములో పడినచో 18లో 0.8 వంతు 14.4 గనుక చాలదు. అప్పుడు 4 వేయవలెను. ఏసీకి నాలుగు స్క్వేర్ ఎంఎం అని మిస్త్రులు అలవాటుగా చెప్పుటలో అర్థమున్నది, ఆ అర్థము వారిలో అందరికిని తెలియకపోయినను. ఎంసీబీ కొనునప్పుడు అంకెకు ముందున్న అక్షరమును కూడ చూడవలెను. సీ అను తరగతిది తన అంకెకు ఐదు మొదలు పది రెట్ల వరకు గల క్షణికమైన ఉప్పెనను బట్టి గాని వెంటనే పడదు. బీ తరగతిది మూడు మొదలు ఐదు రెట్లకే పడును. ఇన్వర్టరు లేని పాతరకపు యంత్రములోని కంప్రెసరు లేచునప్పుడు తన మామూలు కరెంటుకు ఐదారు రెట్లు ఒక్కసారిగా లాగును గనుక, దానికి సీ తరగతియే తగును.

తీగ కాలదు, ఎంసీబీ పడదు; ఐనను పని చెడుటకు మరియొక దారి ఉన్నది. గోదావరి కాలువ తూము వద్ద నిండుగా వదలిన నీరు శివారు పొలమునకు చేరుసరికి ఎట్లు సన్నగిలునో శివారు రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. అట్లే మీటరు వద్ద 230గా బయలుదేరిన వోల్టేజి తీగ పొడవు వెంబడి తరుగుచు పోవును. తీగ సన్నమయిన కొలది, పొడవయిన కొలది, కరెంటు ఎక్కువయిన కొలది ఆ తరుగు హెచ్చును. మన ఉదాహరణమునే తీసికొని, మెట్ల క్రిందినుండి 25 మీటర్ల దూరము, 27 ఆంపియర్ల కరెంటు, వేడెక్కిన రాగి అనుకొన్నచో, 4 స్క్వేర్ ఎంఎం తీగలో ఏడున్నర వోల్టులు, 6లో ఐదు, 10లో మూడు వోల్టులు దారిలోనే ఖర్చగును. అంతే మందముగల అల్యూమినియమయినచో ఈ నష్టము ఒకటిన్నర రెట్లకు పైమాట. దీపములకు మూడు శాతము, ఇతర యంత్రములకు ఐదు శాతము వరకు తరుగు ఉండవచ్చునని ప్రమాణగ్రంథము. 230లో ఐదు శాతము పదకొండున్నర వోల్టులు. ఏడున్నర అందులోనే ఉన్నది గదా యని ఒకరు అడుగవచ్చును. వేసవి రాత్రి వీథిలోని వారందరును ఏసీలు వేసినప్పుడు మీటరు వద్దకే 230 రాదు. అప్పుడు మన తీగ తీసికొను వోల్టులు, ఇదివరకే తగ్గినదానిలోనుండి పోవుచున్నవి.

వోల్టేజి తగ్గినచో ఏసీ తక్కువ కరెంటు తీసికొనునని అమాయకముగా అనుకొందురు. ఇన్వర్టరు యంత్రము తనకు కావలసిన శక్తిని విడువదు. వోల్టులు తగ్గినకొలది ఆంపియర్లను హెచ్చించుకొనును. పాతరకపు కంప్రెసరు సంగతి ఇంకను విషమము: దానిని కదలించు బలము వోల్టేజి వర్గమును అనుసరించును గనుక, వోల్టేజి పదింట ఒక వంతు తగ్గినచో బలము ఐదింట ఒక వంతు తగ్గును, లేవలేక, కదలక, మూలుగుచు, తన కరెంటుకు ఐదారు రెట్లు లాగుచు నిలిచిపోవును. ఈ చిక్కునకు స్టెబిలైజరు మందని వాడుక. స్టెబిలైజరు వోల్టులను సృష్టింపదు. 190 వోల్టులు తనకు అందినచో 230గా చేసి ఇచ్చును గాని, ఏసీకి ఇచ్చిన 10 ఆంపియర్లకు బదులు తాను వెనుకనుండి 12 ఆంపియర్లకు పైగా లాగుకొనును. వెనుకనున్నది అదే సన్నని తీగ. అందులో వేడి ఒకటిన్నర రెట్లగును, వోల్టేజి మరికొంత తరుగును, స్టెబిలైజరు మరికొంత లాగును. వీథిలో వోల్టేజి తక్కువైన చోట దానికి పని ఉన్నది. సన్నని తీగను సరిదిద్దుటకు మాత్రము అది పనికిరాదు.

ఇంతవరకు చెప్పినది లెక్క. లెక్క సరిపోయిన ఇండ్లలో సైతము కాలిపోవునది ఎక్కడ అనగా, నడిమి తీగలో కాదు, కొసలో. బోర్డు మూత తీసి దగ్గరగా చూచినప్పుడు ఈ విషయము బోధపడును. 10 స్క్వేర్ ఎంఎం తీగ కొసను ఒలిచినచో వెంట్రుకలవంటి అనేక రాగిపోగులు విచ్చుకొనును; అవి పాత స్విచ్చి రంధ్రములో పట్టవు. తీగ కొసకు తొడుగు లగ్గును నొక్కు పనిముట్టు మిస్త్రి సంచిలో లేదు. ఆతడు కట్టింగ్ ప్లయరుతో చుట్టునున్న పోగులలో మూడవ వంతును కత్తిరించి, మిగిలినవానిని మెలివేసి, రంధ్రములో దూర్చి స్క్రూ బిగించును. 25 మీటర్ల పొడవున 10 స్క్వేర్ ఎంఎంగా నడచిన తీగ చిట్టచివరి అరంగుళములో ఆరో ఏడో అయినది. కరెంటు మాత్రము తగ్గలేదు. కొన్ని నెలలు గడచిన పిమ్మట ఆ స్క్రూ చుట్టు ప్లాస్టిక్ మొదట పసుపెక్కి, తర్వాత గోధుమరంగు తిరిగి, కాలిన వాసన సన్నగా వచ్చును. ఆ కొసకు తగిన తగరపు పూత లగ్గు వేసి నొక్కించుట అధిక వ్యయము గాదు. అడుగనిదే ఎవరును చేయరు. ఏసీ ప్లగ్గు పిన్నుల చుట్టు నల్లని వలయము కనిపించినను కారణమిదే, వదులు. గోడలోని సాకెట్టులో ప్లగ్గు పెట్టుటకంటె, ప్రతి యంత్రమునకు ప్రక్కనే స్విచ్చిగల ఏసీ బాక్సు బిగించి తీగను నేరుగా కలుపుట మేలు.

పాత అల్యూమినియము తీగకు కొత్త రాగితీగను మెలివేసి నల్ల టేపు చుట్టుట ఇంతకంటె ఘోరము. అల్యూమినియముమీద గాలి తగిలిన క్షణముననే కరెంటును సాగనీయని పొర ఏర్పడును; బిగించిన ఒత్తిడికి ఆ లోహము కాలక్రమమున మెల్లగా జారును; వేడికి రాగికంటె ఎక్కువ వ్యాకోచించి, చల్లారి సంకోచించి, రోజుకొకసారి తన బిగువును తానే సడలించుకొనును; హుగ్లీ తీరపు తేమలో రెండు లోహములు కలియుచోట తినివేత కూడ తోడగును. మెట్లదారిలో అల్యూమినియము ఉన్న ఇంటిలో ఏసీలను ఆ లైనుమీద వేయవద్దనియే నా నిశ్చితాభిప్రాయము.

ఎర్తు తీగను గూర్చి చెప్పవలసినది స్వల్పము: 16 స్క్వేర్ ఎంఎం వరకు ఫేజు తీగ ఎంత మందమో ఎర్తు తీగయు అంత మందము. బయటి యంత్రపు ఇనుప చట్రము వానలో తడియుచు పిట్టగోడమీద నుండును గనుక దానికి ఎర్తు లేకుండుట క్షమింపరానిది. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోవు ఆర్‌సీసీబీని ఏసీల డీబీలో పెట్టించవలెను. ఇన్వర్టరు యంత్రములకు ఏ టైపుది కావలెనని అడుగవలెను. ఆ డీబీనుండి పోయిన న్యూట్రలు ఆ డీబీకే తిరిగి రావలెను. పాత బోర్డు న్యూట్రలుతో ఎచ్చటనయినను కలిసినచో ఆర్‌సీసీబీ మాటిమాటికి పడును. అప్పుడు కలిసిన చోటును వెదకుటకు బదులు ఆర్‌సీసీబీనే ఊడబెరికి పోవుట కొందరు మిస్త్రుల చికిత్సావిధానము. ఠంఠనియా, ఆమ్‌హర్స్ట్ స్ట్రీటు వంటి పల్లపు పేటలలో వర్షాకాలమున మోకాలులోతు నీరు ఇండ్లలోనికి వచ్చునని తెలియనివారు లేరు. అట్టి చోట్ల మెట్ల క్రింద కొత్తగా పెట్టించు స్విచ్చిపెట్టెను నీటి గుర్తుకు ఎంతో పైన బిగింపవలెను.

సామాను కొనుటకు చాందినీ చౌక్, ఎజ్రా స్ట్రీటులను మించిన స్థలము ఈ నగరములో లేదు. ఎజ్రా స్ట్రీటు దుకాణములలో ముసలి బేరగాండ్రు ఇప్పటికిని మూడు ఇరవై, ఏడు ఇరవై అని పాత గేజీ లెక్కలు చెప్పుదురు: 3/20 అనగా ఇరవయ్యవ గేజీ పోగులు మూడు, ఇంచుమించు 2 స్క్వేర్ ఎంఎం, 7/20 అనగా ఏడు పోగులు, నాలుగున్నరకు కొంచెము పైగా. అసలుకంటె చౌకగా అదే పేరుతో దొరకు తీగలో రాగి పైపూతగా మాత్రమే ఉండి లోన అల్యూమినియము ఉండవచ్చును. ఒక పోగును చాకుతో గీకి చూచినచో వెండిరంగు బయటపడును. తొడుగుమీద ఐఎస్ 694 అను ప్రమాణసంఖ్యయు ఐఎస్‌ఐ గుర్తును చెరగకుండ అచ్చుపడి ఉండవలెను. లావు తీగకు పెట్టు అధికధనము వృథాయని శంకించువారికి 1881లో లార్డ్ కెల్విన్ సమాధానము చెప్పియున్నాడు: తీగలో నిత్యము వేడిగా పోవు విద్యుత్తు వెలను, ఆ నష్టమును తగ్గించుటకు అదనముగా వేయు లోహపు వెలను సరితూచి మందమును నిర్ణయింపవలెనని ఆతని సూత్రము. మన మెట్లదారి లైనులో సగటున 15 ఆంపియర్లు రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏటికి ఆరు నెలలు పోయినచో, 6కు బదులు 10 స్క్వేర్ ఎంఎం వేయుటవలన ఏటా ఇరవై యూనిట్లకు పైగా మిగులును. గొప్ప మొత్తము గాదు. అయినను తీగ ఆయువు ఏసీ ఆయువుకంటె ఎన్నో రెట్లు గనుక ఆ లాభము రెండు మూడు యంత్రములు మారువరకు వచ్చుచునే యుండును.

ఇంటిలో అన్నియు సరిచేసికొని మీటరువైపు మరచిపోవుటయు కలదు. 2023, 2024 వేసవులలో నగరమున పలుచోట్ల రాత్రివేళ కరెంటు పోయినప్పుడు, చెప్పకుండ పెట్టుకొన్న ఏసీల బరువు వీథి కేబుళ్లమీద పడుటయే ఒక ముఖ్యకారణమని కరెంటు సంస్థవారును ప్రభుత్వమువారును బహిరంగముగా చెప్పిరి. మంజూరయిన లోడు బిల్లుమీదనే అచ్చుపడియుండును. మూడు ఏసీలు పెట్టదలచినవారు తీగ కొనుటకు ముందే లోడు పెంపునకు దరఖాస్తు చేసికొనవలెను. సంస్థ మూడు ఫేజుల కనెక్షను ఇచ్చునట్లయినచో పైన కట్టిన లెక్కయే మారిపోవును. అప్పుడు మూడు యంత్రములను మూడు ఫేజులకు పంచినచో, ఏ ఒక్క తీగలోను 10 ఆంపియర్లు దాటవు. అదే మెట్లదారిలో 4 స్క్వేర్ ఎంఎం తీగలు నాలుగును, ఎర్తును నడిపి సుఖముగా ఉండవచ్చును.

పని పూర్తయిన తర్వాత, మిస్త్రికి డబ్బు చెల్లించుటకు ముందు, ఒక రాత్రి మూడు ఏసీలను ఒకేసారి 18 డిగ్రీలమీద గంటసేపు నడిపించి, క్లాంప్ మీటరుతో కొత్త లైను కరెంటును, డీబీ వద్ద వోల్టేజిని చూపించుమని అడుగవలెను. మీటరు వద్ద వోల్టేజికిని డీబీ వద్ద వోల్టేజికిని మూడు నాలుగు వోల్టులకు మించి తేడా ఉన్నచో, పోగులు కత్తిరించిన కొసయో, వదులు బిగింపో ఎచ్చటనో ఉండవచ్చును. మెయిన్ ఆపించి, ముందు మెట్ల క్రింది స్విచ్చిపెట్టె మూత తీయించవలెను.